టెలిఫోను ఇంజనీరు కట్టిన వాద్యము

1932 డిసెంబరు 27వ తేదీన న్యూయార్కు నగరములో రేడియో సిటీ మ్యూజిక్ హాలు అనే మహానాటకశాల ప్రారంభమైనది. ఇంచుమించు ఆరువేలమంది కూర్చొనగల శాల అది. వేదికకు ఇరుప్రక్కల గోడల వెనుక అనేక గదులలో, ప్రేక్షకులకు కనబడకుండా, ఒక వాద్యము అమర్చబడి ఉన్నది. దానిలోని గొట్టముల సంఖ్య 4,410. వాటిలో అతి పొడుగైనవి మూడంతస్తుల మేడ ఎత్తున ఉంటాయి. అతి చిన్నవి పెన్సిలు ముక్కంత. వాయించేవారికి ఒకేవిధమైన రెండు పీఠములు, ఒక్కొక్క పీఠమునకు నాలుగేసి వరుసల మెట్లు. అమెరికాలోని వర్లిట్జర్ కంపెనీవారు నాటకశాలలకని కట్టిన ఆర్గన్ వాద్యములన్నిటిలోను పెద్దది ఇదే.

విచిత్రమేమంటే, ఈ వాద్యము ఏ పనికోసమై పుట్టినదో ఆ పని అప్పటికి ఐదేళ్ళ క్రిందటనే ముగింపునకు వచ్చినది. థియేటర్ ఆర్గన్ మూకీ చిత్రములకు తోడుగా వాయించే వాద్యము. 1927 అక్టోబరు 6వ తేదీన 'ది జాజ్ సింగర్' అనే చిత్రము తెరమీద పాడి, మాట్లాడినది. మరి రెండు మూడేళ్ళలో మూకీలు మూలపడినవి. వాటితో పాటు ఆర్గన్‌లు కూడా. సంగీత వాద్యములు సాధారణముగా శతాబ్దములపాటు ఎదుగుతాయి. వీణ గాని, వయోలిన్ గాని ఒక తరములో తయారైనవి కావు. థియేటర్ ఆర్గన్ మాత్రము 1910 ప్రాంతమున పుట్టి, ఇరవై ఏళ్ళలో వేల నాటకశాలలలో వెలసి, అంతలోనే పనిలేనిదై పోయినది. దానికి ప్రాణము పోసినది విద్యుత్తు. దానిని ప్రక్కకు నెట్టినదీ విద్యుత్తే.

ఈ కథ తెలియాలంటే మొదట ఆర్గన్ అంటే ఏమిటో తెలియాలి. మన భజన మందిరాలలో ఉండే హార్మోనియం దానికి దూరపు చుట్టము. హార్మోనియంలో తిత్తి ఊదిన గాలి ఇత్తడి రీడును ఆడిస్తుంది; శబ్దము రీడునుండి వస్తుంది. ఆర్గన్‌లో గాలి గొట్టములోనికి పోతుంది. చాలా గొట్టములలో రీడు ఉండదు, మన పిల్లనగ్రోవిలో వలె గాలి ఒక అంచును తాకి, గొట్టములోని వాయుస్తంభమును కంపింపజేస్తుంది. అయితే పిల్లనగ్రోవి ఒకటే అయినా వేళ్ళతో రంధ్రములు మూసి తెరచి వాయుస్తంభము పొడవును మార్చుకొనవచ్చును. ఆర్గన్ గొట్టమునకు ఆ సౌలభ్యము లేదు. ఒక గొట్టము ఒక్క స్వరమునే పలుకుతుంది. అందుచేత మెట్టుకొక గొట్టము కావాలి. మెట్లు 61 అయితే ఒకే నాదగుణము గల 61 గొట్టముల వరుస ఒకటి కావాలి. మరొక రకపు నాదము కావలెనంటే మరొక వరుస.

గొట్టము పొడవునకు, స్వరమునకు గల సంబంధము ఉన్నత పాఠశాల భౌతికశాస్త్రములోనిదే. రెండు కొనలూ తెరచిన గొట్టములో మూల స్వరపు తరంగదైర్ఘ్యము గొట్టము పొడవునకు రెట్టింపు. ఆర్గన్ కట్టేవారు 8 అడుగుల గొట్టమును ప్రమాణముగా తీసుకుంటారు. 8 అడుగులంటే 2.44 మీటర్లు. గాలిలో ధ్వనివేగము సెకనుకు 343 మీటర్లనుకుంటే పౌనఃపున్యము 343ను 4.88చే భాగింపగా సుమారు 70 వస్తుంది. కాని అసలు పలుకవలసిన స్వరపు పౌనఃపున్యము 65 మాత్రమే. ఈ తేడా ఎక్కడిది? కంపించే గాలి గొట్టపు అంచు దగ్గర టక్కున ఆగిపోదు, కొంచెము బయటికి కూడ వ్యాపిస్తుంది. ముఖ్యముగా క్రింద, గాలి అంచును తాకే ఇరుకు నోటి వద్ద ఈ వ్యాప్తి మరీ ఎక్కువ. కాబట్టి గొట్టము తన కొలతకన్న పొడవైన దానివలె ప్రవర్తిస్తుంది. అనునాద గొట్టపు ప్రయోగములో విద్యార్థులు వేసుకొనే 'కొన సవరణ' ఇదే. సూత్రము తెలియని కాలములోనే ఆర్గన్ పనివారు దీనిని చేతి అనుభవముతో పట్టుకున్నారు.

గొట్టము పైకొనను మూసివేస్తే తరంగదైర్ఘ్యము పొడవునకు నాలుగు రెట్లవుతుంది. అంటే 4 అడుగుల మూసిన గొట్టము, 8 అడుగుల తెరచిన గొట్టము పలికే స్వరమునే పలుకుతుంది. స్థలము, కర్ర రెండూ ఆదా. అయితే నాదగుణము మారుతుంది. మూసిన గొట్టములో మూల స్వరముతో పాటు మూడవ, ఐదవ, ఏడవ హరాత్మకములే వస్తాయి, సరిసంఖ్యవి రావు. అందుచేత ఆ నాదము గుల్లగా, మెత్తగా ఉంటుంది. ఈ విషయము ముందు మళ్ళీ అవసరపడుతుంది.

పందొమ్మిదవ శతాబ్దపు చర్చి ఆర్గన్‌లో మెట్టుకూ గొట్టమునకూ మధ్య ఉండేవి సన్నని కర్ర బద్దలు, మీటలు. వేలితో మెట్టు నొక్కితే బద్దలు కదిలి, గొట్టము క్రింది కవాటమును లాగి తెరిచేవి. గాలి ఒత్తిడికి ఎదురుగా ఆ కవాటమును లాగవలసినది వాద్యకారుని వేలే. ఒత్తిడిని కొలిచేది నీటి మట్టముతో: వంపు గొట్టములో గాలి నీటిని ఎన్ని అంగుళాలు నెట్టగలిగితే అన్ని అంగుళాల ఒత్తిడి. చర్చి ఆర్గన్‌లకు సాధారణముగా మూడు అంగుళాల ఒత్తిడి ఉండేది. కవాటపు వైశాల్యము 60 చదరపు సెంటీమీటర్లయితే దానిపై పడే బలము ఇంచుమించు 450 గ్రాముల బరువు. ఒత్తిడిని 15 అంగుళాలకు పెంచితే ఆ బలము రెండుంబావు కిలోలు దాటుతుంది. ఒక్క మెట్టుకే ఇంత అయితే, పది వేళ్ళతో పాట వాయించడము ఎలాగు? అందువలన ఒత్తిడి పెంచడానికి వీలులేదు, వాద్యకారుడు గొట్టములకు దూరముగా కూర్చొనడానికి అంతకంటె వీలులేదు. చార్లెస్ బార్కర్ అనే ఆంగ్లేయుడు వాద్యమునకు వచ్చే గాలిచేతనే కవాటమును లాగించే ఉపాయము కనిపెట్టగా, ఫ్రెంచి శిల్పి కవయే-కోల్ 1841లో పారిస్ సమీపాన సెయింట్ డెనీ ఆర్గన్‌లో దానిని ఉపయోగించాడు. వేలి శ్రమ తగ్గినది గాని దూరపు సమస్య అట్లాగే మిగిలినది. 1860లలో ఫ్రాన్సులో విద్యుదయస్కాంతములతో కూడ ప్రయత్నములు జరిగినవి. అవి తరచు మొరాయించేవి. ఆర్గన్ కట్టే పనివారికి విద్యుత్తు తెలియదు, విద్యుత్తు తెలిసినవారికి ఆర్గన్ పట్టలేదు.

రెండూ తెలిసిన మనిషి రాబర్ట్ హోప్-జోన్స్. ఆయన 1859లో ఇంగ్లండులోని చెషైరులో పుట్టాడు. లాంకషైర్, చెషైర్ ప్రాంతపు టెలిఫోను కంపెనీలో ప్రధాన విద్యుత్ నిపుణుడుగా పనిచేసేవాడు. సాయంత్రములు బిర్కెన్‌హెడ్‌లోని సెయింట్ జాన్ చర్చిలో ఆర్గన్ వాయించి, గాయకబృందమును నడిపేవాడు. 1880ల చివరి సంవత్సరములలో ఆ చర్చి ఆర్గన్‌ను ఆయన టెలిఫోను పద్ధతిలో తిరిగి కట్టాడు. టెలిఫోను తీగలలో ప్రవహించేది అతి స్వల్పమైన విద్యుత్ ప్రవాహము. ఆ స్వల్ప ప్రవాహముతోనే నమ్మకముగా పనిచేయించడము టెలిఫోనువారి విద్య. హోప్-జోన్స్ ఆ విద్యనే మెట్లకు పట్టించాడు. మెట్టు నొక్కితే సన్నని తీగలు రెండు తాకుతాయి. ప్రవాహము దూరాన ఉన్న చిన్న విద్యుదయస్కాంతమును చేరుతుంది. ఆ అయస్కాంతము లాగేది పెద్ద కవాటమును కాదు, రేకు ముక్కవంటి చిన్న మూతను మాత్రమే. ఆ మూత లేస్తే ఒక చిన్న తోలు తిత్తిలోని గాలి బయటికి పోతుంది. తిత్తి ముడుచుకొని మరొక పెద్ద తిత్తిని ఖాళీ చేస్తుంది. అది ముడుచుకొంటూ గొట్టపు కవాటమును లాగుతుంది. బరువు పని అంతా గాలిదే. విద్యుత్తు చేసేది కేవలము కబురు మోయడము.

ఈ మార్పు చూడడానికి చిన్నది. ఫలితము మాత్రము పెద్దది. మెట్టుకూ గొట్టమునకూ మధ్య ఇక కర్ర బద్ద లేదు, తీగ మాత్రమే ఉన్నది. తీగను ఎక్కడికైనా లాగవచ్చును. కాబట్టి వాద్యపీఠమును గొట్టములకు ఎంత దూరముగానైనా ఉంచవచ్చును. బిర్కెన్‌హెడ్‌లో ఆయన పీఠము కదిలించడానికి వీలుగా ఉండేది. అంతకంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. ఒక మెట్టు నుండి ఏ గొట్టమునకైనా తీగ వేయవచ్చును, ఒక గొట్టమునకు ఎన్ని మెట్ల నుండైనా తీగలు రావచ్చును. టెలిఫోను కేంద్రములో ఒక చందాదారును మరెవరితోనైనా కలిపినట్లే.

ఒకే నాదము 16, 8, 4, 2 అడుగుల స్థాయిలలో, అనగా ఒకదానిపై ఒకటిగా నాలుగు స్థాయిలలో, కావాలనుకుందాము. పాత పద్ధతిలో 61 గొట్టముల వరుసలు నాలుగు వేయాలి. మొత్తము 244 గొట్టములు. హోప్-జోన్స్ ఒకే వరుస చేసి, దానిని పైకి మూడు స్థాయిలు పొడిగించాడు. స్థాయికి 12 స్వరముల చొప్పున 36 చేర్చితే 97 గొట్టములు. అదే వరుసను నాలుగు విధముల తీగలు కలిపి నాలుగు వరుసలుగా వాయించవచ్చును. రేడియో సిటీ ఆర్గన్ సంఖ్యలలో కూడ ఇది కనబడుతుంది: అక్కడ 58 వరుసలకు 4,410 గొట్టములు, సగటున వరుసకు 76. మెట్లు 61 మాత్రమే గదా, మిగిలినవి పొడిగింపులు.

సంప్రదాయపు ఆర్గన్ శిల్పులు దీనిని ఒప్పుకోలేదు. వారి ఆక్షేపణలో న్యాయము లేకపోలేదు. ఒక స్వరమును, దాని పైస్థాయి స్వరమును కలిపి నొక్కినప్పుడు రెండు స్టాపులూ ఒకే గొట్టమును కోరవచ్చును. ఆ గొట్టము రెండుసార్లు పలుకజాలదు. నాలుగు వరుసలలో ఎనిమిది గొంతులు వినబడవలసినచోట ఐదే వినబడతాయి. బాక్ రచనలవలె అనేక స్వరధారలు ఒకదానినొకటి అల్లుకొనిపోయే సంగీతములో ఈ లోటు తెలుస్తుంది. ఒక రాగము, దానిక్రింద మెత్తని స్వరసమూహము ఉండే సినిమా పాటలలో తెలియదు. హోప్-జోన్స్ ఎవరికోసము కడుతున్నాడన్నదే అసలు ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు ఆయనకు చాలాకాలము దొరకలేదు. ఇంగ్లండులో 1896 నాటి వూస్టర్ కథీడ్రల్ ఆర్గన్ వంటి పెద్ద పనులు చేసి కూడ వ్యాపారములో నిలువలేక, 1903లో అమెరికాకు వెళ్ళాడు. అక్కడ ఇతరుల కంపెనీలలో పనిచేసి, 1907లో న్యూయార్కు రాష్ట్రములోని ఎల్మైరాలో స్వంత కంపెనీ పెట్టాడు. అదీ నిలువలేదు. 1910లో వర్లిట్జర్ కంపెనీ ఆయన హక్కులను, ఆయనతోపాటు పనివారిని తీసుకున్నది.

వర్లిట్జర్ 1853లో సిన్సినాటీలో మొదలైన వాద్యముల వర్తక సంస్థ. నార్త్ టోనవాండాలోని వారి ఫ్యాక్టరీ తిరునాళ్ళకు, రంగులరాట్నములకు తగిన యాంత్రిక వాద్యములను తయారుచేసేది. వారికి చర్చిల సంప్రదాయముపై మమకారము లేదు. నాణెము ఎక్కడ మోగుతున్నదో మాత్రము బాగా తెలుసు. అది అప్పుడు సినిమాహాళ్ళలో మోగుతున్నది.

మూకీ చిత్రము నిశ్శబ్దముగా చూడదగినది కాదు. ప్రొజెక్టరు రొద, ప్రేక్షకుల దగ్గులు, మాటలు తప్ప మరేమీ వినబడని చీకటిలో కూర్చొనడము ఎవరికీ నచ్చలేదు. మన దేశములో తెరప్రక్కన హార్మోనియం, తబలా పెట్టి వాయించేవారు. అమెరికాలో చిన్న హాళ్ళలో పియానో, పెద్ద హాళ్ళలో వాద్యబృందము ఉండేవి. పియానోకు రీడు గొట్టములు, డోళ్ళు చేర్చిన 'ఫోటోప్లేయర్' అనే యంత్రము కూడ వచ్చినది. దానికి వ్రేలాడే త్రాళ్ళను లాగితే గంటలు, ఈలలు మోగేవి. వాద్యబృందమునకు ప్రతి వారము ఇరవై జీతములు ఇవ్వాలి. ఆర్గన్ కొంటే జీతము ఒకటి. వర్లిట్జర్‌వారు తమ వాద్యమును ప్రకటనలలో 'యూనిట్ ఆర్కెస్ట్రా' అని పిలిచారు. హాలు యజమానులకు అర్థము వివరించనక్కరలేదు. కొనుక్కొన్న ప్రతి ఆర్గన్ కొందరు వాద్యకారుల కూడు తీసినదన్న సంగతి అప్పట్లో పెద్దగా ఎవరూ తలచుకోలేదు.

చర్చి ఆర్గన్ చేయలేని పనులను ఈ వాద్యము ఎలా చేసినది? మొదటిది ఒత్తిడి. కవాటమును లాగేది వేలు కాదు గనుక, ఒత్తిడిని పది పదిహేను అంగుళాలకు, కొన్ని వరుసలకు ఇరవై అయిదు అంగుళాలకు పెంచారు. ఆ గాలిని ఇచ్చేది నేలమాళిగలో తిరిగే విద్యుత్ మోటారు పంకా. ఎక్కువ ఒత్తిడితో తక్కువ గొట్టములే పెద్ద హాలును నింపగలిగినవి. గొట్టములన్నిటిని దళసరి గోడల గదులలో మూసి, ముందువైపు మందమైన కర్ర రెక్కలు పెట్టారు. వాద్యకారుడు పాదముతో నొక్కితే ఆ రెక్కలు కిటికీ రెక్కలవలె విచ్చుకుంటాయి. ఊదే బలము మార్చితే గొట్టము శ్రుతి తప్పుతుంది. అందుచేత గొట్టము ఎప్పుడూ పూర్తి బలముతోనే పలుకుతుంది, తలుపు మాత్రము తెరుచుకొని మూసుకొంటుంది.

రెండవది కంపితము. మన సంగీతములో గమకము లేని స్వరము ప్రాణము లేనిది. పాశ్చాత్యులకు కూడ గాయకుని కంఠములోని సన్నని వణుకు ఇష్టమే. ఆర్గన్ స్వరము గీత గీసినట్లు ఉంటుంది. దానిని వణికించడానికి గాలి ఒత్తిడినే సెకనుకు ఆరు ఏడుసార్లు హెచ్చుతగ్గులు చేసే తిత్తి ఒకటి అమర్చారు. స్వరపు తీవ్రత, శ్రుతి రెండూ ఒకేసారి ఊగుతాయి. ఇంతకు ముందు చెప్పిన మూసిన కర్ర గొట్టములను వెడల్పుగా చేసి, ఎక్కువ ఒత్తిడితో ఊది, ఈ కంపితమును చేర్చితే వచ్చేదే 'టిబియా క్లాసా' అనే వరుస. థియేటర్ ఆర్గన్‌ను ఒక్క క్షణము విన్నా గుర్తుపట్టించే ఏడుపు వంటి తీయని నాదము దానిదే.

గొట్టపు వెడల్పు మార్చితే నాదగుణము ఎందుకు మారాలి? వెడల్పైన గొట్టములో కొన సవరణ ఒక్కొక్క హరాత్మకమునకు ఒక్కొక్క విధముగా ఉంటుంది. పై కంపనములు మూల స్వరపు గుణిజములతో సరిగా కలియవు, కాబట్టి గట్టిగా పలుకవు. సన్నని గొట్టములో చక్కగా కలుస్తాయి. అందుచేత వెడల్పు గొట్టము వేణువును, సన్నని గొట్టము వయోలిన్‌ను తలపిస్తుంది. వయోలిన్ వరుసలు రెండు వేసి, ఒకదానిని కొద్దిగా శ్రుతి తప్పిస్తారు. ఒకటి 440, రెండవది 444 కంపనములు చేస్తే సెకనుకు నాలుగు విస్పందనములు వినబడతాయి. ఒకే ఒక వయోలిన్‌ను అనేకమంది కలిసి వాయిస్తున్నట్లు భ్రమ కలుగుతుంది. బాకా, శాక్సఫోను, ఓబో వంటివాటిని ఇత్తడి నాలుక గల గొట్టములు అనుకరిస్తాయి. పొట్టి గొట్టముపై రీడు పెట్టిన 'వోక్స్ హ్యుమానా' అంటే మానవ కంఠము. ఒంటరిగా వింటే మేక అరుపే గాని, టిబియాతో కలిపితే దూరాన బృందగానము వినబడుతున్నట్లుంటుంది.

ఈ రెండు రకముల గొట్టములకు ఎండ పడదు. ఉష్ణోగ్రత 20 నుండి 30 డిగ్రీలకు పెరిగితే ధ్వనివేగము 343 నుండి 349 మీటర్లవుతుంది. రీడు లేని గొట్టముల శ్రుతి అదే నిష్పత్తిలో హెచ్చుతుంది. రీడు గొట్టముల శ్రుతిని ఎక్కువగా శాసించేది లోహపు నాలుక గనుక అవి అంతగా కదలవు. ఫలితముగా రెండు జాతులవారికీ పొత్తు కుదరదు. అందుకే ఆర్గన్ గదులను ఒకే వేడిలో ఉంచేవారు.

హోప్-జోన్స్ కనిపెట్టిన మరొక గొట్టము 'డయాఫోన్'. దానిలో స్ప్రింగుపై కంపించే కవాటము గాలిని తునకలు తునకలుగా గొట్టములోనికి వదలుతుంది. నేల అదిరే మంద్రస్వరమునకు అది సాటిలేనిది. దాని కథ నాటకశాలతో ఆగిపోలేదు. కెనడాలోని టొరాంటో నగరమునకు చెందిన జాన్ నార్తీ అనే ఇంజనీరు ఆ సూత్రమును తీసుకొని, సంపీడిత గాలితో ఆడే ముషలకమును అమర్చి, 1903 ప్రాంతమున పొగమంచు హెచ్చరిక కొమ్మును తయారుచేశాడు. చాలా దశాబ్దములు కెనడా, అమెరికా తీరములలో దీపస్తంభముల వద్ద నావికులకు దారి చూపినది ఈ ఆర్గన్ గొట్టపు వంశమే. కూత చివర గుర్రుమనే శబ్దమును బట్టి నావికులు దానిని గుర్తించేవారు.

ఇక ప్రేక్షకులు, ముఖ్యముగా పిల్లలు, ఎక్కువగా మెచ్చినది గొట్టములను కాదు. వాటి ప్రక్కన బల్లపై పేర్చిన వస్తుసామగ్రిని. పనివారు దానిని 'ఆటబొమ్మల బల్ల' అనేవారు. పెద్ద డోలు, చిన్న డోలు, తాళములు, కంజీర వంటి టాంబూరిన్, త్రికోణపు కంబి, గుర్రపు మువ్వలు, తలుపు గంట, అగ్నిమాపక దళపు గంట, మోటారు కారు కొమ్ము, రైలు కూత, ఆవిరి నౌక కూత, సైరను, పక్షి ఈల. వీటిలో ఒక్కటీ అనుకరణ కాదు. డోలు నిజమైన డోలే. దానిపై కర్ర నిజముగానే పడుతుంది. కొట్టేది మనిషి చేయి కాక తోలు తిత్తి, అంతే తేడా. జైలోఫోను, గంటల గొట్టములు, కొన్ని చోట్ల ఏకంగా ఒక నిండు పియానో, మెట్ల నుండి వచ్చే తీగలతో ఇట్లాగే మోగేవి. గుర్రపు డెక్కల చప్పుడు కావాలంటే డొల్లగా ఉన్న గిన్నెల జత ఒకదాని తరువాత ఒకటి చెక్కపై తట్టుకునేది. పక్షి కూతకు చిన్న ఈలగొట్టము కొనను గిన్నెలోని నీటిలో ముంచేవారు. గాలి బుడగలుగా పైకి వచ్చేటప్పుడు గొట్టములోని వాయుస్తంభపు పొడవు క్షణక్షణమునకు మారి, స్వరము కిలకిలలాడుతుంది. తిరునాళ్ళలో అమ్మే నీటి పిట్ట బొమ్మలో ఉన్నదీ ఇదే. నీరు ఆవిరై పోతే పిట్ట మూగబోతుంది. చూచి పోయడము ఆర్గన్ మరమ్మతుదారుని విధులలో ఒకటి.

సైరను కొంచెము ఆగి చూడదగినది. రంధ్రములు గల బిళ్ళ గాలిధారకు ఎదురుగా తిరుగుతుంది. బిళ్ళకు 20 రంధ్రములుండి సెకనుకు 30 చుట్లు తిరిగితే గాలి సెకనుకు 600 సార్లు తెగుతుంది. 600 కంపనముల స్వరము వినబడుతుంది. మోటారు వేగము పుంజుకొనే కొలది స్వరము పైకి ఎగబ్రాకుతుంది. 1819లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కన్యార్ ద లా తూర్ స్వరముల పౌనఃపున్యమును కొలవడానికని ఈ పరికరమును బాగుచేసి, నీటిలో కూడ పాడుతుంది గనుక గ్రీకు పురాణములలోని సముద్రపు గాయనుల పేరు పెట్టాడు. నూరేళ్ళ తరువాత అది తెరమీది పోలీసు బండిలో దొంగల వెంట పరుగెత్తినది.

వీటన్నిటిని ఒక్క మనిషి ఎట్లా నడిపేవాడన్నది ఆశ్చర్యమే. చర్చి ఆర్గన్‌లో స్టాపులు బయటికి లాగే గుబ్బలు. హోప్-జోన్స్ వాటికి బదులు వేలితో నొక్కే రంగురంగుల మీటలను, వాద్యకారుని చుట్టూ గుర్రపునాడా ఆకారములో పేర్చాడు. మెట్లకు రెండు దశల స్పర్శ పెట్టాడు: మామూలుగా నొక్కితే ఒక నాదము, అదే మెట్టును మరికొంత బలముగా నొక్కితే రెండవ నాదము తోడవుతుంది. కుడిచేయి పాటను, ఎడమచేయి స్వరసమూహమును, ఎడమపాదము మంద్రమును పట్టుకుంటే, కుడిపాదము తలుపు రెక్కల మీద; బొటనవేలు ఇంకా ఖాళీగా ఉంటే రైలు కూత దానిది. కళ్ళు మాత్రము ఎప్పుడూ తెరమీదనే. చిత్రముతోపాటు వచ్చే సూచనల పట్టిక ఉన్నా, చాలా భాగము అప్పటికప్పుడు అల్లుకొని వాయించవలసినదే. మంచి వాద్యకారుడు నాయిక కన్నీరు పెట్టుకొనే వేళ పక్షి ఈల జోలికి పోడు. చెడ్డవాడు కనబడిన ప్రతి కుక్కకూ, ప్రతి తలుపుకూ ఏదో ఒక మీట నొక్కేవాడు. ప్రేక్షకులు చిత్రము సంగతి మరచి ఇతని వైపు చూచి నవ్వేవారు.

ఈ వైభవమును దానికి మూలపురుషుడు చూడలేదు. వర్లిట్జర్‌వారికి కావలసినది ఒకే నమూనాలో వరుసగా తయారయ్యే సరకు. హోప్-జోన్స్ నిన్న చేసినదానిని నేడు విప్పి మార్చే మనిషి. కొంతకాలమునకు కంపెనీ ఆయనకు జీతమిస్తూనే ఫ్యాక్టరీలో అడుగు పెట్టనివ్వలేదు. ఒప్పందము కారణముగా మరెక్కడా ఆర్గన్ కట్టడానికి వీలులేదు. 1914 సెప్టెంబరులో, 55వ ఏట, ఆయన రాచెస్టర్ నగరములో ఆత్మహత్య చేసుకున్నాడు. వాద్యములపై 'వర్లిట్జర్ హోప్-జోన్స్ యూనిట్ ఆర్కెస్ట్రా' అనే పలక మాత్రము ఆ తరువాత కూడ వెలువడుతూ వచ్చినది. మొత్తముమీద ఆ కంపెనీ రెండువేలకు పైగా ఆర్గన్‌లు కట్టినది. మోలర్, కింబాల్, బార్టన్ వంటి ఇతర కంపెనీలు కట్టినవి వేరే. అట్లాంటాలోని ఫాక్స్ థియేటరులో మోలర్ కంపెనీ 1929లో అమర్చిన ఆర్గన్‌కు 3,622 గొట్టములు.

టాకీలు వచ్చిన తరువాత జరిగినది వేగముగా చెప్పవచ్చును. శబ్దపు అచ్చు ఫిల్ము మీదనే వచ్చినది. లౌడుస్పీకరు ఆ ఊరి హాలుకూ ఈ ఊరి హాలుకూ ఒకే సంగీతమును తెచ్చినది. అమెరికా సంగీతకారుల సమాఖ్య 1930 ప్రాంతమున పత్రికలలో ప్రకటనలు వేసి, 'డబ్బా సంగీతము'ను తిరస్కరించమని ప్రజలను కోరినది. ప్రజలు టాకీలకే పోయారు. ఇరవైమంది పని తీసుకున్న ఆర్గన్ వాద్యకారుడు, ఆ ఇరవైమంది వెనుకనే వీధిలోకి వచ్చాడు. 1929 ఆర్థికమాంద్యము మిగిలిన పని పూర్తిచేసినది. 1935లో వచ్చిన హామండ్ ఆర్గన్‌లో గొట్టములే లేవు. అయస్కాంతముల ముందు తిరిగే పళ్ళ చక్రములు విద్యుత్ కంపనములను పుట్టిస్తే లౌడుస్పీకరు వాటిని వినిపిస్తుంది. విద్యుత్తు ఇక కబురు మోయడము మాని, తానే పాడడము మొదలుపెట్టినది.

అయినా కొన్ని ఆర్గన్‌లు బ్రతికినవి. ఇంగ్లండులోని బ్లాక్‌పూల్ టవర్ నాట్యశాలలో రెజినాల్డ్ డిక్సన్ 1930 నుండి 1970 వరకు నలభై ఏళ్ళు వర్లిట్జర్ వాయించాడు. అక్కడ దాని పని చిత్రములకు తోడుండడము కాదు, జనముచేత నాట్యమాడించడము. అమెరికాలో పాత హాళ్ళు కూలగొట్టబడుతున్న కాలమున, 1955లో, ఆర్గన్ అభిమానులు కాలిఫోర్నియాలో ఒక సంఘము పెట్టుకున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కో ఫాక్స్ థియేటరును 1963లో పడగొట్టినా దాని ఆర్గన్ దక్కినది. తరువాత అది హాలీవుడ్‌లోని ఎల్ కాపిటన్ థియేటరు చేరినది. న్యూయార్కు పారమౌంటు థియేటరులో 1926లో అమర్చిన ప్రసిద్ధ ఆర్గన్, 1972లో కాన్సస్ రాష్ట్రపు విచిటా నగరములో మళ్ళీ పలికినది. ఇట్లాంటి పునరుద్ధరణలో అన్నిటికంటె సహనము కోరేది తోలు పని. గొట్టము సీసము, తగరము, జింకు, కర్ర. వంద ఏళ్ళు నిలుస్తుంది. తిత్తుల తోలు ఎండి పగులుతుంది, వేలకొద్ది తిత్తులను ఒక్కొక్కటిగా విప్పి క్రొత్త తోలు అంటించాలి. మైళ్ళ పొడవు తీగలు, స్విచ్చులు ఉన్న గదుల స్థానమున చాలాచోట్ల ఇప్పుడు చిన్న ఎలక్ట్రానిక్ పెట్టెలు వచ్చినవి, హోప్-జోన్స్ సంతోషించేవాడేమో.

బ్రిటనుకు వర్లిట్జర్ ఆర్గన్ మొదట వచ్చినది 1925 జనవరిలో, వాల్సాల్ పట్టణపు పిక్చర్ హౌస్ అనే సినిమాహాలుకు. చిన్న వాద్యము: రెండు వరుసల మెట్లు, ఆరు వరుసల గొట్టములు. సినిమాహాలులో దాని అవసరము తీరిన తరువాత దానిని విప్పి తీసుకుపోయారు. అది చివరకు డెవన్ తీరాన బీర్ అనే పల్లెటూరిలో ఒక చిన్న చర్చికి చేరి, ఆదివారపు ప్రార్థన గీతములకు తోడు పలుకసాగినది.